తాయారమ్మగారి డిస్ట్రిబ్యూటర్

సూరత్ ఆల్థాన్‌లో తాయారమ్మ ఉండే అపార్టుమెంటులో, నడవని బండ్లను పార్కింగు నుంచి తీసెయ్యాలని సొసైటీవాళ్లు తీర్మానం చేశారు. దీపావళి దాకా గడువు. సెక్రటరీ లౌక్యం తెలిసినవాడు కాబట్టి ఆ మాట ఇంటికొచ్చి, టీ తాగి, కప్పు కింద పెట్టాక చెప్పాడు. ముందే చెప్పి ఉంటే టీ దక్కేది కాదని ఆయనకు తెలుసు.

“నడవని బండా? ఎవరిదది?” అంది తాయారమ్మ.

సెక్రటరీ ఖాళీ కప్పును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కొడుకు కిశోర్ తల్లి వైపు చూడకుండా ఫోను వైపు చూశాడు. చివరికి కోడలు మౌక్తికే నోరు విప్పాల్సి వచ్చింది. “మన ఫియట్ గురించే అత్తయ్యా.”

అంతే, ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఆ ఫియట్, అంటే లేత ఆకుపచ్చ ప్రీమియర్ పద్మిని, కిశోర్ కంటే పెద్దది. ఆవిడ భర్త రామలింగేశ్వరరావుగారు బతికున్నన్నాళ్లూ దాన్ని నడిపారు, హారను కొట్టారు, నలుగురికీ చూపించి మురిసిపోయారు. అంతకుమించి ఆయన దాని జోలికి పోలేదు. బానెట్ ఎత్తడం, లోపల చెయ్యి పెట్టడం తాయారమ్మ వంతు. సూరత్ స్టేషన్‌లో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. ఉద్యోగమంతా సిగ్నళ్లను నడిపే రిలే స్విచ్చుల కాంటాక్టులు తుడవడం, సరిచెయ్యడం. ఆ విద్యే కారులోనూ పనికొచ్చింది.

పాత కార్లకు డిస్ట్రిబ్యూటర్ అని ఒకటుంటుంది. ఇంజను పక్కన నల్లటి మూత, ఆ మూత నుంచి పైకి ఐదు వైర్లు. మూత తీస్తే రోటర్ అనే చిన్న ముక్క గిర్రున తిరిగేది, దాని కింద ఒకదానికొకటి తగిలి విడిపోయే రెండు పాయింట్లు. అవి విడిపోయిన ప్రతిసారీ ఒక నిప్పురవ్వ పుడుతుంది. రోటర్ ఆ రవ్వను నాలుగు సిలిండర్లకూ వంతులవారీగా పంచుతుంది. పాయింట్ల మధ్య సందు సరిగ్గా ఉంటే బండి పాట పాడుతుంది, తేడా వస్తే దగ్గుతుంది. ఆ సందు కొలవడానికి సన్నటి ఉక్కు రేకు ఉంటుంది, దాన్ని గేజి అంటారు. ఆ గేజి తాయారమ్మ పూజగదిలో, కుంకుమ భరిణె పక్కన ఉంటుంది. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు.

దసరానాడు పొద్దున్నే ఆవిడ మూత విప్పి, పాయింట్లు తుడిచి, సందు పెట్టింది. ఆ మర్నాటి నుంచే బండి దగ్గడం మొదలుపెట్టింది. వీధి చివరిదాకా పోయి ఆగిపోవడం, కాసేపు అలిగి మళ్లీ కదలడం. తాయారమ్మ పెట్రోలు కల్తీ అంది. ప్లగ్గులు మార్చింది. కార్బురేటర్ విప్పించి, విప్పినవాడిని చెడామడా తిట్టి మళ్లీ బిగింపజేసింది. ఒకరోజు మౌక్తిక, “ఆ మూత ఒకసారి తీసి చూడకూడదా అత్తయ్యా?” అంది.

“అది నేను చేసిన పని. అందులో చూడ్డానికేం లేదు,” అంది తాయారమ్మ. ఆ మాట పూర్తయ్యేసరికి సంభాషణ కూడా పూర్తయింది.

ఆవిడది మొండితనమని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. మొండితనమే, కాదనలేం. కానీ దాని వెనకాల భయం ఉంది. వానల్లో ఆవిడ కుడిచెయ్యి కొంచెం వణకడం మొదలైంది. దసరానాడు స్క్రూడ్రైవర్ జారింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది. అప్పుడు చుట్టూ ఎవరూ లేకపోవడం ఆవిడకు పెద్ద ఊరట. ఆ మూత తీస్తే లోపల ఏం కనబడుతుందోనని ఆవిడకు గుండెల్లో రాయి. బండి చెడిపోతే బాగుచేసుకోవచ్చు. చెయ్యే చెడిపోతే?

ఇదంతా సెక్రటరీకి చెప్పే సంగతులు కావు గనక, ఆవిడ గొంతు పెంచింది. “ఈ ఆదివారం ఈ బండి వేసుకుని ఊరవతల కామ్‌రేజ్ దాకా వెళ్లి, తిరిగొచ్చి ఇక్కడే పెడతాను. అప్పుడు నడిచే బండని ఒప్పుకుంటారా?”

“ఒప్పుకుంటాం మాసీ,” అన్నాడు సెక్రటరీ, ప్రాణం లేచొచ్చి.

“ఎక్కడైనా ఆగి కదలకపోతే?” అన్నాడు కిశోర్ మెల్లగా.

“ఆగినచోటే నీ దినేశ్ భాయ్‌కి ఇచ్చెయ్. నేను నోరెత్తను.”

దినేశ్ భాయ్‌కి కామ్‌రేజ్ హైవే మీద హోటలుంది. కిశోర్ పనిచేసే బ్యాంకుకు పాత ఖాతాదారు. ఆ పద్మినిని ఒకసారి చూసి మనసు పారేసుకున్నాడు. హోటలు ముందు అరుగు మీద దాన్ని నిలబెట్టి, ఇంజను పీకేసి, బానెట్ కింద పూలకుండీలు పెట్టి, వచ్చినవాళ్లు ఫొటోలు దిగేలా చెయ్యాలని ఆయన ఆలోచన. ఆ పూలకుండీల మాట విన్న రోజు తాయారమ్మ అన్నం తినలేదు.

ఆదివారం పొద్దున్న బండి తెమిలింది. స్టీరింగు దగ్గర తాయారమ్మ. పక్కన మౌక్తిక, ఒళ్లో తన క్లినిక్ బ్యాగు. ఆమె పళ్ల డాక్టరు. కామ్‌రేజ్ బడిలో ఆ రోజు పిల్లల పళ్లు చూసే క్యాంపు ఉందని చెప్పింది గానీ, అత్తగారిని ఒంటరిగా పంపకూడదన్నదే అసలు ఉద్దేశం. వెనక సీట్లో ఎల్లవ్వ. ఊళ్లోనే ఉన్న లింబాయత్ నుంచి వచ్చి వాళ్లింట్లో పనిచేస్తుంది. సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చిన కుటుంబం. కారెక్కే అవకాశం వస్తే వదిలే మనిషి కాదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన బాధ్యత కూడా ఆమెదే. కిశోర్ మాత్రం తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయాడు. తల్లి ఓడినా గెలిచినా చూడలేనన్నది ఆ తలనొప్పికి కారణం.

బండి వెనకాల, మర్యాదగా కాస్త దూరంలో, దినేశ్ భాయ్ కారు. దాని వెనకాల, ఏమాత్రం మర్యాద లేకుండా, ఆయనే తెప్పించిన, బండ్లు లాక్కుపోయే లారీ.

“అమ్మా, గా లారీ మన ఎంబడె వస్తున్నదేంది?” అంది ఎల్లవ్వ.

“రానీవే. డీజిలు దండగ చేసుకుంటానంటే మనమెందుకు వద్దనాలి?” అంది తాయారమ్మ.

వరాఛా రోడ్డు దాకా బండి బుద్ధిగా నడిచింది. ఆవిడ స్టీరింగు మీద వేళ్లతో తాళం కూడా వేసింది. సర్థాణా దాటాక మొదటి దగ్గు వచ్చింది. తర్వాత రెండోది. ఆవిడ యాక్సిలేటర్ తొక్కి, దువ్వి, బుజ్జగించి, తిట్టి ఇంకాస్త దూరం లాక్కొచ్చింది. కామ్‌రేజ్ ఇంకా కనుచూపు మేరలో లేదనగా బండి పెద్దగా ఒక తుమ్ము తుమ్మి రోడ్డు పక్కన ఆగిపోయింది.

స్టార్టర్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. వెనక లారీ ఆగింది. అందులోంచి ఇద్దరు దిగి తాడు తీస్తున్నారు. దినేశ్ భాయ్ పరుగున వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, తాయారమ్మకు గుజరాతీ అంతంతమాత్రం, అందుకని ఇద్దరూ హిందీలో కానిచ్చుకుంటారు.

“మాసీ, బాధపడకండి. మీ బండిని నేను పువ్వుల్లో పెట్టుకుంటాను,” అన్నాడాయన. పాపం, ఓదార్పుగానే అన్నాడు.

“ఆగు! ఆగడానికీ కదలకపోవడానికీ తేడా ఉంది,” అంది తాయారమ్మ. దిగి బానెట్ ఎత్తింది. పెట్రోలు పైపు నొక్కింది. ప్లగ్ వైర్లు కదిపింది. బ్యాటరీ కొసలు బిగించింది. ఆవిడ చెయ్యి ఇంజను చుట్టూ తిరిగింది గానీ ఆ నల్లటి మూత మీద మాత్రం పడలేదు. మౌక్తిక అది చూసింది. చేతి వణుకూ చూసింది. దగ్గరికొచ్చి, దినేశ్ భాయ్‌కి వినబడకుండా తెలుగులో మెల్లగా అంది:

“అత్తయ్యా, నేను పన్నుకి సిమెంటు పెట్టి పంపిస్తాను. వారం తర్వాత ఆ పేషెంటు నొప్పని వస్తే ముందు ఏం విప్పుతానో తెలుసా?”

“ఏం విప్పుతావు?”

“నేను పెట్టిన సిమెంటే. పక్క పళ్ల సంగతి ఆ తర్వాత.”

తాయారమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. చివరికి మూతకున్న రెండు క్లిప్పులూ తనే తీసింది. మూత వెల్లకిలా తిప్పగానే ఇద్దరూ నోరు వెళ్లబెట్టారు. లోపలంతా ఎర్రగా ఉంది. మూతలో చుట్టూ ఉన్న నాలుగు ఇత్తడి కొనల మీద నాలుగు బొట్లు, నడిమధ్య ఒకటి. పసుపు, పైన కుంకుమ, ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకి వెంట్రుకంత నల్లటి గీత. పుట్టిన రవ్వ వెళ్లాల్సిన దారి మానేసి ఆ కుంకుమ దారి పట్టి, కాలి కాలి వేసుకున్న బాట అది.

“ఎవరు చేశారిది?” అంది తాయారమ్మ.

“నేనే పెట్టిన అమ్మా,” అంది ఎల్లవ్వ, కిటికీలోంచి తల బయటపెట్టి, మెప్పు కోసం ఎదురుచూస్తూ. “మా సాంచాకు గా నూలు నాడె అటిటు ఆడే కాడనే బొట్టు వెడ్తం. మీద మీద పెడ్తె ఏం ఫాయిదా? పని చేసేది లోపటనే గద. దసరానాడు మీరే చెప్పిండ్రు, దీని పానం గీ మూత కింద ఉంటదని. మీరు తానానికి పొయ్యిండ్రు, మూత గట్లనే ఇడిచిపెట్టి ఉన్నది. నేను నాలుగు దిక్కులా పెట్టిన. నడుమల గూడ పెట్టిన.”

స్నానం చేసొచ్చి, లోపల చూడకుండా మూత బిగించింది తాయారమ్మే. ఆవిడకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. నోటిదాకా వచ్చిన తిట్టు నవ్వైపోయింది. ఆవిడ రోడ్డు పక్కన నడుం పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. ఇన్నాళ్లూ గుండెల మీదున్న రాయి దొర్లిపోయింది. చెయ్యి తప్పలేదు! తప్పింది కుంకుమ!

“ఏమైంది మాసీ?” అన్నాడు దినేశ్ భాయ్.

“నీ పూలకుండీలకు వేరే చోటు చూసుకో భాయ్,” అంది తాయారమ్మ.

మౌక్తిక బ్యాగులోంచి పళ్ల గార గీకే పనిముట్టు తీసి ఆ నల్ల గీతను గీకేసింది. దూది పెట్టి మూతంతా పొడిగా తుడిచింది. ఎల్లవ్వ మొహం చిన్నబుచ్చుకుని, “దేవునిది గట్ల తుడవచ్చునా?” అంది. “తుడిచింది మళ్లీ పైన పెడుదువుగాని, బానెట్ మీద, ఎంత కావాలంటే అంత,” అని తాయారమ్మ సర్దిచెప్పింది. మూత బిగించి, ధీమాగా కూర్చుని, స్టార్టర్ నొక్కింది.

ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంది. మళ్లీ నొక్కింది. ఈసారి ఉలిక్కిపడను కూడా లేదు.

తాయారమ్మ స్టీరింగు మీదే చేతులుంచి కూర్చుండిపోయింది. లారీవాళ్లు మళ్లీ తాడు అందుకున్నారు. మౌక్తిక మాత్రం ఎవరినీ అడక్కుండా మూత తీసి, రోటర్ పైకి లాగి, ఫోను లైటు వేసి, నోట్లో పళ్లు చూసే చిన్న అద్దం లోపలికి పెట్టి చూసింది.

“అత్తయ్యా, ఇంజను ఒక్కసారి తిప్పండి... చాలు. ఈ పాయింట్లు తెరుచుకోవడం లేదు. స్క్రూ వదులుగా ఉంది.”

ఆ స్క్రూ బిగించింది తాయారమ్మే. జారిన స్క్రూడ్రైవర్‌తో, వణికే చేత్తో, బిగిసిందనుకుని వదిలేసింది. అదిరి అదిరి అది ఇంకా వదులై, సందు మూసుకుపోయింది. బొట్టు తప్పు బొట్టుదే, ఈ తప్పు ఈవిడదే. ఆవిడ కారు దిగి వచ్చింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. అరచేతులు ఒకసారి చూసుకుంది.

“నాకు చెయ్యి వణుకుతోందే,” అంది. ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదటిసారి.

“తెలుసు అత్తయ్యా. రోజూ పొద్దున మీరు కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు చూస్తున్నాను. నా చెయ్యి వణకదు. మీరు చెప్పండి, నేను చేస్తాను.”

తాయారమ్మ కొంగుముడి విప్పి, పొద్దున పూజగదిలోంచి తెచ్చుకున్న గేజి తీసింది. రేకును కోడలి వేళ్ల మధ్య పెట్టింది. అంతే, ఆవిడ గొంతు మళ్లీ సిగ్నల్ విభాగం గొంతైపోయింది.

“ముందు పాయింటు పూర్తిగా తెరుచుకునే చోటికి ఇంజను రావాలి. దానికి బండి అంగుళం అంగుళం కదలాలి. నాలుగో గేరులో వేస్తాను. ఎల్లవ్వా, వెనక నుంచి నెట్టు!”

ఎల్లవ్వ నెట్టింది. బండి కదల్లేదు. తాయారమ్మ చుట్టూ చూసింది. “దినేశ్ భాయ్! నిలబడి చూస్తావేం? ఓ చెయ్యి వెయ్యి!”

ఆయన వెయ్యకూడదు. బండి కదలకపోతే లాభం ఆయనకే. కానీ పెద్దావిడ గద్దించి పిలిస్తే చేతులు కట్టుకుని నిలబడే పెంపకం కాదు ఆయనది. చొక్కా చేతులు మడిచి వచ్చాడు. లారీవాళ్లిద్దరూ తాడు కింద పడేసి వచ్చారు. నలుగురూ కలిసి కొంచెం కొంచెంగా నెడుతూ, “ఇంకొంచెం... ఆపండి!” అని మౌక్తిక అరిచినప్పుడు ఆపారు.

“ఇప్పుడు రేకు దూర్చు,” అంది తాయారమ్మ పక్కన నిలబడి. “ఊరికే జారిపోకూడదు, ఇరుక్కోనూ కూడదు. సరిపోయిన గాజు చేతికెక్కేటప్పుడు ఎలా ఉంటుంది? ఒరుసుకుంటూ, నొప్పి లేకుండా. అలా ఉండాలి.”

“వదులుగా ఉంది.”

“స్క్రూడ్రైవర్‌తో ఆ కింద ముక్కను నీ వైపు జరుపు. ఇంకాస్త.”

“ఇప్పుడు పట్టుతోంది.”

“ఏదీ?” తాయారమ్మ రేకు కొస పట్టుకుని మెల్లగా లాగి చూసింది. చెయ్యి వణికింది గానీ, వేళ్ల కొసలకు తెలియాల్సింది తెలిసింది. “కాస్త ఎక్కువైంది. వెనక్కి... ఆఁ. ఇక కదలనివ్వకు, స్క్రూ బిగించు. గట్టిగా. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడు, బిగించేటప్పుడే జరుగుతుంది వెధవది.”

మౌక్తిక బిగించింది, చూసింది, సంతృప్తి కలక్క మళ్లీ విప్పి బిగించింది. క్లినిక్‌లో ఆమె మొహం ఎలా ఉంటుందో తాయారమ్మ అప్పుడు చూసింది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఆ మొహం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పెదవులు బిగించి, ఊపిరి మెల్లగా వదులుతూ, చుట్టూ లోకమే లేనట్టు పనిచేస్తోంది. తాయారమ్మకు ముచ్చటేసింది.

స్టార్టర్ ముట్టుకోగానే ఇంజను అందుకుంది. ఎల్లవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. లారీవాళ్లు చప్పట్లు కొట్టి, యజమాని మొహం చూసి ఆపేశారు.

మిగిలిన దారంతా పద్మిని హాయిగా పరుగెత్తింది. కామ్‌రేజ్ బడి దగ్గర ఆగి మౌక్తిక క్యాంపు ముగించుకుని వచ్చేదాకా తాయారమ్మ, ఎల్లవ్వ కారులోనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత దినేశ్ భాయ్ హోటలుకు వెళ్లారు. ఓడినా సరే, శనగపిండి ఫాఫ్డా తినకుండా పంపనని ఆయన పట్టుపట్టాడు.

హోటలు ముందు కొత్తగా కట్టిన సిమెంటు అరుగు కనబడింది. చుట్టూ ఇత్తడి గొలుసు. ఒక పక్క వరసగా పూలకుండీలు, మట్టి నింపి సిద్ధంగా. తాయారమ్మ ఆ అరుగును చాలాసేపు చూసింది. ఇంకొంచెంలో తన బండి గతి ఇదే అయ్యేదన్న సంగతి అప్పుడు ఒంటికి తెలిసొచ్చింది.

“మాసీ, మీరు గెలిచారు. సంతోషమే,” అన్నాడు దినేశ్ భాయ్. “కానీ ఒక మాట అడగనా? ఈసారి సరే. వచ్చేసారి ఎవరు చేస్తారు? మీ చేతులు...” అని ఆపేశాడు.

ఆ ప్రశ్న తప్పేం కాదు. తాయారమ్మ పళ్లెం పక్కన పెట్టి లేచింది. వెళ్లి బానెట్ ఎత్తింది. ఇంజను ఇంకా వేడిగా ఉంది. మూత తీసి, రోటర్ లాగి, స్క్రూడ్రైవర్ పెట్టి, మౌక్తిక అంత కష్టపడి బిగించిన స్క్రూను విప్పేసింది. విప్పడానికి వణుకు అడ్డురాదు.

“అత్తయ్యా! ఏంటిది? ఇంకా తిరిగి వెళ్లాలి కదా!” అంది మౌక్తిక కంగారుగా. “ఇక్కడ ఆగిపోతే బండి ఇక్కడే ఉండిపోతుంది. మీరే ఒప్పుకున్నారు!”

“ఒప్పుకున్నాను. ఇందాక నేను చెబితే చేశావు. ఇప్పుడు నేను చెప్పను.”

గేజి కోడలి చేతిలో పెట్టి, తాయారమ్మ వెళ్లి ఆ సిమెంటు అరుగు మీద కూర్చుంది, బండికి వీపు చేసి, రోడ్డు వైపు తిరిగి. దినేశ్ భాయ్ తన మనుషులను పిలిచి, బండి నెట్టడానికి తనే ముందు నిలబడ్డాడు.

వెనక మౌక్తిక గొంతు వినబడుతోంది. “ఇంకొంచెం... ఆపండి.” రేకు ఒరుసుకునే సన్నటి చప్పుడు అంత దూరం వినబడదు. అయినా తాయారమ్మ అది వింటున్నట్టే తల ఊపుతూ కూర్చుంది. స్క్రూ బిగిసింది. ఒక్క క్షణం ఆగి, అది మళ్లీ విప్పి, మళ్లీ బిగించిన చప్పుడైంది. మూత క్లిప్పులు టక్ టక్ మన్నాయి. స్టార్టర్ తిరిగింది.

మొదటి తిప్పుకే ఇంజను అందుకుని, నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో నిలకడగా మోగాయి.

తాయారమ్మ లేచి, చీర దులుపుకుని వచ్చింది. బండి మీద చెయ్యి వేసి కాసేపు విని, ఎడమ వైపు తలుపు తీసి, స్టీరింగు దగ్గరున్న కోడలి పక్కన కూర్చుంది.

“పద,” అంది. “చీకటి పడకముందే ఇల్లు చేరాలి.”